మ్యాట్ సన్‌స్క్రీన్ సరే, మన ఉప్పునీళ్లకు వదులుతుందా?

మే నెల మొదటి వారంలో కర్నూలు జిల్లా మద్దికెరలో నడిమధ్యాహ్నం నిలబడితే మన నీడ మన పాదాల కిందే ఉంటుంది. ఊరు సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అందుకే ఏడాదిలో రెండుసార్లు, మే మొదట్లో ఒకసారి, ఆగస్టు రెండో వారంలో మరోసారి, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అదీ గడియారం పన్నెండు కొట్టినప్పుడు కాదు, ఇంకో ఇరవై నిమిషాలు దాటాక. ఆదోని, ఎమ్మిగనూరు కాస్త ఉత్తరాన ఉన్నాయి, తేదీలు రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతాయి, అంతే తేడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అతినీలలోహిత కిరణాల సూచీ 11కు చేరితే విపరీతం కిందే జమ. మన ఎండాకాలపు మధ్యాహ్నాల్లో అది మామూలే.

ఈ ఎండలోనే మన పిల్లలు మద్దికెర నుంచి గుంతకల్లుకో పత్తికొండకో చదువులకు పోయి వస్తారు. పదహారు నుంచి పాతికేళ్ల మధ్య వయసు, ముఖమంతా జిడ్డు, నుదుటి మీద సన్నసన్న గుల్లలు, దవడ దగ్గర పచ్చి మొటిమలు. సన్‌స్క్రీన్ పూసుకుంటే అవి ఇంకా ఎక్కువవుతున్నాయని, మానేయమంటారా అని అడుగుతుంటారు. మానొద్దు. ఎంచుకునే రకం మార్చండి, దానికంటే ముందు రాత్రిపూట దాన్ని తీసే పద్ధతి మార్చండి. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇదే. మన ప్రాంతంలో సన్‌స్క్రీన్ వల్ల మొటిమలు వచ్చాయనే పేచీలో సగం తప్పు ట్యూబుది కాదు, బోరునీళ్లది, సబ్బుది.

ముందు, ఎందుకు మానకూడదో చెప్పాలి. మన చామనఛాయ చర్మంలో మొటిమ పది రోజుల్లో ఎండిపోతుంది గానీ, అది వదిలిన నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది. వాపు వచ్చిన చోట చర్మం రంగును ఎక్కువగా తయారు చేస్తుంది. దాని మీద ఎండ పడితే మచ్చ ముదురుతుంది. అద్దం ముందు ఏడ్చే పిల్లల్లో చాలామంది బాధ నిజానికి మొటిమ కాదు, ఈ మచ్చలే. పైగా మొటిమలకు డాక్టరు రాసే మందుల్లో డాక్సీసైక్లిన్ లాంటివి చర్మాన్ని ఎండకు తొందరగా కమిలేట్టు చేస్తాయి. రాత్రిపూట రాసే అడాపలీన్, ట్రెటినాయిన్ వాడేవాళ్లకు కూడా పగటి రక్షణ తప్పనిసరి. మందు వాడుతూ సన్‌స్క్రీన్ మానేస్తే ఒక చేత్తో తగ్గించుకుని ఇంకో చేత్తో పెంచుకున్నట్టే.

మబ్బు పట్టింది కదా అనుకోవడమూ పొరపాటే. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో వజ్రాల కోసం జనం రోజంతా తిరుగుతారు. ఎండ చురుక్కుమనదు కాబట్టి ముఖానికి గుడ్డ కూడా కట్టుకోరు. ముదురు మచ్చలకు కారణమయ్యే యూవీఏ కిరణాలు మబ్బులోంచి చాలావరకు దిగుతాయి, బస్సు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి. మంట పుట్టించే యూవీబీని అద్దం ఆపుతుంది గనక మనకు ఆ సంగతి తెలియదు.

మొన్న పత్తి సీజన్లో ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు గేటు దగ్గర తెలిసిన పిల్ల కనబడింది. చెంపల మీద, ముక్కు పక్కన, నుదుటి మీద సన్నటి దూది నూగు అతుక్కుని ఉంది. కనుబొమల నుంచి చెవి దాకా తెల్లటి అంచు కట్టింది. "చూడు పెద్దమ్మా, పూసుకుంటే దూదంతా మొకానికే పట్టుకుంటాది. చెమట పోస్తే కండ్లలోకి దిగి మంట. ఇది నాకొద్దు" అంది. సంచిలోంచి ట్యూబు తీసి చూపించింది. పొడిచర్మం వాళ్ల కోసం చేసిన చిక్కటి లోషను. ఆ పిల్ల ముఖానికి అది ఏ విధంగానూ సరిపడదు. మ్యాట్ రకం అవసరమయ్యేది ఇలాంటి చోటే. మన దగ్గర అది సోకు కోసం కాదు, దుమ్ము, నూగు, చెమట మధ్య పనిచేసే ముఖానికి పనికొచ్చే వస్తువు.

మ్యాట్ అంటే జిడ్డు ఊరకుండా ఆపేది కాదు. నూనె గ్రంథులు తమ పని తాము చేస్తూనే ఉంటాయి. వాటిని నడిపేవి హార్మోన్లు, క్రీములు కావు. మ్యాట్ సన్‌స్క్రీన్లో సిలికా లాంటి గుల్ల పొడులు, కొన్నింట్లో పిండి పదార్థాలు ఉంటాయి. ఊరిన జిడ్డును అవి పీల్చుకుంటాయి, వెలుతురును చెదరగొట్టి మెరుపు కనబడకుండా చేస్తాయి. పీల్చుకునేంత పీల్చుకున్నాక మళ్లీ ముఖం మెరుస్తుంది. మన ఎండలో మధ్యాహ్నానికే ఆ గతి పడుతుంది. అప్పుడు దాని మీద పౌడరు కొట్టకండి. శుభ్రమైన పాత నూలుగుడ్డతో అద్ది (రుద్ది కాదు) జిడ్డు తీసి, మళ్లీ పలచగా రాసుకోండి.

ట్యూబు మీద చూడవలసినవి కొన్నే. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ పైన వంద అని రాసినా ఒరిగేది తక్కువ. కాబట్టి అంకెకు ఎక్కువ డబ్బు పోయనక్కర్లేదు. పీఏ అనే అక్షరాల పక్కన ప్లస్సులు లెక్కపెట్టండి. అది యూవీఏ కొలత, జపాన్‌వాళ్ల పద్ధతి. నాలుగో ప్లస్ 2013లో చేరింది. మచ్చల బెడద ఉన్నవాళ్లకు మూడుకు తక్కువ కాకుండా, దొరికితే నాలుగు ఉన్నది మేలు. జెల్ అనో, ఫ్లూయిడ్ అనో రాసి ఉన్నది తీసుకోండి. పదార్థాల జాబితాలో కొబ్బరి నూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ మొదట్లోనే కనబడితే కింద పెట్టేయండి. పచ్చి మొటిమలుంటే ఆల్కహాల్ ఎక్కువున్నది మండుతుంది. ముఖానికి బూడిద పూసినట్టు తెల్లగా కనబడితే అది జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ పని. అవి చెడ్డవి కావు, నిజానికి సున్నిత చర్మానికి మంచివి. చర్మపు రంగు కలిపిన టింటెడ్ రకంలో ఐరన్ ఆక్సైడ్ ఉంటుంది. అది తెల్లదనాన్ని కప్పడమే కాదు, నల్లమచ్చల్ని పెంచే మామూలు వెలుతురును కూడా కొంత అడ్డుకుంటుంది. మన ఒంటిరంగుకు సరిపోయే ఛాయ దొరికితే మచ్చలున్నవాళ్లకు నా ఓటు దానికే.

రంధ్రాలు మూయదని చెప్పే 'నాన్ కమెడోజెనిక్' ముద్రను గుడ్డిగా నమ్మకండి. సౌందర్య సాధనాలతో వచ్చే మొటిమల గురించి క్లిగ్‌మన్, మిల్స్ అనే అమెరికన్ పరిశోధకులు 1972లో రాశారు. అప్పట్లో ఏ పదార్థం రంధ్రాలు మూస్తుందో తేల్చడానికి కుందేలు చెవి మీద రాసి చూసేవారు. కుందేలు చెవి వేరు, ఆదోని పిల్ల చెంప వేరు. ఆ ముద్ర ఒక సూచన మాత్రమే.

ఇక రాయాల్సిన కొలత. ల్యాబులో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి ఆ ఎస్‌పీఎఫ్ అంకె తేలుస్తారు. మనం రాసుకునేది అందులో సగమో పావో. చూపుడువేలు, నడిమివేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపడా వస్తుంది. ఒకేసారి రాస్తే జిడ్డుగా అనిపిస్తుంది కాబట్టి సగం రాసి, ఆరాక మిగతా సగం రాయండి. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ట్యూబును స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయకండి. ఆ వేడికి లోపలి సరుకు విడిపోతుంది, పనితనం పోతుంది.

అసలు సంగతి రాత్రి మొదలవుతుంది. జిల్లా పశ్చిమ మండలాల్లో చాలా ఇళ్లకు ఇప్పటికీ బోరునీళ్లే దిక్కు. పప్పు ఉడకని నీళ్లు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు కుళాయికి వచ్చే వీధిలోనూ అవి తాగడానికి పట్టుకుంటారు, స్నానానికి మళ్లీ ఉప్పునీళ్లే. ఈ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. మామూలు సబ్బు వాటితో కలిసి నీటిలో కరగని తెల్లమడ్డి అవుతుంది. బకెట్టు లోపలి అంచుకు వేలితో గీస్తే వచ్చే జిగురు తెట్టు అదే. సాయంత్రం ఇంటికొచ్చి ఒంటిసబ్బుతో ముఖం కడుక్కున్నప్పుడు అదే తెట్టు సన్నగా ముఖం మీద కూడా నిలుస్తుంది. నీటికి వదలకుండా చేసిన మ్యాట్ పొర ఒకటి, పగలంతా పీల్చిన జిడ్డు, దుమ్ము ఒకటి, దాని మీద ఈ సబ్బుమడ్డి. ముఖం తుడిచిన తువ్వాలు మీద చూడండి, కొందరికి తెల్లటి మరక కనబడుతుంది. అలా రోజూ మిగిలిపోయేది నూనె, చచ్చిన చర్మకణాలతో కలిసి రంధ్రాల దగ్గర పేరుకుంటే గుల్లలు తేలతాయి. నింద మాత్రం సన్‌స్క్రీన్ మీద పడుతుంది.

నురగ రాలేదని ఇంకోసారి, ఇంకోసారి సబ్బు రుద్దడం మరీ చేటు. సబ్బు క్షార స్వభావం గలది, పీహెచ్ 9, 10 మధ్య ఉంటుంది. చర్మానికి కావలసింది ఐదున్నర ప్రాంతంలో. రుద్దిన కొద్దీ పైపొర దెబ్బతిని, ముఖం మండుతూ బిగుసుకుపోతుంది. అలాంటి ముఖానికి మందులు కూడా పడవు. శనగపిండితో, సున్నిపిండితో తోమే అలవాటు మొటిమలున్న ముఖానికి పనికిరాదు. ముక్కు మీది నల్లచుక్కలు మట్టి కాదు, రంధ్రంలో ఇరుక్కున్న నూనె, చర్మరంగు గాలికి నల్లబడడం. ఎంత తోమినా అవి పోవు. నిమ్మచెక్క రుద్దుకుని ఎండలోకి పోవడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ రసం మీద ఎండ పడితే చర్మం కాలి బొబ్బలెక్కి, నల్లటి చారలు మిగులుతాయి.

సబ్బు కాని క్లెన్సర్ కొనండి. మందుల షాపుల్లో సిండెట్ బార్ అని, జిడ్డు చర్మానికి ఫేస్‌వాష్ అని దొరుకుతాయి. ఉప్పునీళ్లలో కూడా ఇవి మడ్డి కట్టవు. ముందు చేతులు కడుక్కోవాలి. ముఖం తడిపి, వేళ్ల చివరలతో నెమ్మదిగా ఒక నిమిషం తిప్పాలి. ముక్కు రెక్కల పక్కన, జుట్టు మొదట్లో, చెవుల ముందు, దవడ కింద. అందరూ వదిలేసేది ఈ చోట్లే, గుల్లలు వచ్చేదీ ఈ చోట్లే. మామూలు జెల్ రకమైతే ఇంతటితో పోతుంది. వాటర్ రెసిస్టెంట్ అని రాసి ఉంటే ముందు మైసెల్లార్ నీళ్లు (మేకప్ తుడిచే ద్రవం) దూదిమీద వేసి తుడిచి, ఆ తర్వాత కడగాలి. నీళ్లు తగలగానే పాలలా మారి కొట్టుకుపోయే క్లెన్సింగ్ ఆయిల్ అయినా పరవాలేదు. ఇంట్లో కొబ్బరి నూనె మాత్రం వద్దు, అది కడిగితే పూర్తిగా పోదు, రంధ్రాలు మూస్తుంది. చివరిసారి కడగడానికి ఒక చెంబెడు క్యాను నీళ్లో, కాలువ నీళ్లో వాడండి. చెంబెడు చాలు. నీళ్లకు కటకటలాడే ఊళ్లలో ఇంతకన్నా అడగకూడదు కూడా.

ధర మాట దాచిపెట్టి లాభం లేదు. మంచి మ్యాట్ ట్యూబు 50 గ్రాములది నాలుగైదు వందలు. రోజుకు గ్రాము చొప్పున నెలన్నర, రెండోసారి రాస్తే నెల కూడా రాదు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. సుగ్గికి, అంటే వలసకూలికి, గుంటూరు మిరప చేలకు పోయే కుటుంబానికి నెలనెలా ట్యూబు కొనమని చెప్పే నోరు నాకు లేదు. పొలంలో మన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్‌చేతుల చొక్కా తొడుక్కుని, తలకు ముఖానికి తువ్వాలు చుట్టుకుంటారు. ఎండకు అదే అసలైన కాపు. నేత దట్టంగా, రంగు ముదురుగా ఉంటే ఇంకా బాగా ఆపుతుంది, తడిస్తే బలం తగ్గుతుంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరు పక్కనే ఉన్నవాళ్లం, దట్టమైన నూలుగుడ్డ మనకు కొత్త కాదు. ఆ గుడ్డను రోజూ ఉతకాలి, చెమట పట్టినదాన్నే మళ్లీ కడితే మొటిమలకు అదీ ఒక కారణమవుతుంది. కొనగలిగినవాళ్లు కూడా గుడ్డ, గొడుగు మానకూడదు, ట్యూబు వాటికి తోడు మాత్రమే.

ఒక విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడలేను. మచ్చలు పోవాలని, తెల్లబడాలని అడిగితే కొన్ని మందుల షాపుల్లో చీటీ లేకుండా చేతిలో పెట్టే చిన్న ట్యూబు ఉంది. అందులో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం నున్నగా అవుతుంది, అందుకే పిల్లలు నమ్ముతారు. నెలలు వాడితే చర్మం పలచబడి ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, చెంపల మీద వెంట్రుకలు వస్తాయి, మొటిమలు గుంపుగా లేస్తాయి. మానేస్తే మంట. ఎండలోకి పోలేరు. ఈ బాధ దేశమంతటా ఉందనే కేంద్రం 2018 మార్చిలో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని చేసింది. షాపులు నడిపే అన్నలారా, అడిగిన పిల్ల మీ ఇంటి పిల్ల అనుకుని దయచేసి ఇవ్వకండి. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి మానకుండా కర్నూలు పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్లి చూపించుకోండి. గడ్డల్లాంటి మొటిమలు, గుంటలు పడుతున్న మొటిమలు ఉన్నవాళ్లు కూడా అక్కడికే పోవాలి. వాటికి ఏ సన్‌స్క్రీనూ, ఏ ఫేస్‌వాషూ మందు కాదు.

మిగతావాళ్లు కొత్త ట్యూబు కొన్నప్పుడు ముఖమంతా ఒకేసారి పూసుకోకండి. చిన్న ప్యాకు దొరికితే అదే తీసుకోండి. దవడ పక్కన రెండు వేళ్ల వెడల్పున వారం పది రోజులు రాయండి, రోజూ రాత్రి మీ ఇంటి నీళ్లతోనే కడగండి, శుభ్రమైన తెల్లగుడ్డతో తుడిచి చూడండి. గుడ్డ మీద మరక పడకుండా, అక్కడ కొత్త గుల్ల లేవకుండా ఉంటే అది మీ ముఖానికి పడినట్టే. లేకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా ఇంకొకటి చూసుకోండి.