చెప్పి వచ్చే తనిఖీ



ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసినవాడిని. తనిఖీ అనే మాట చెవిన పడితే నాకు ముందుగా సున్నపు వాసన గుర్తుకు వస్తుంది. అధికారి ఫలానా రోజున వేంచేస్తున్నారని కబురు అందగానే గోడలకు వెల్ల వేయించేవాళ్ళం. పక్క బడి నుంచి దేశపటాలు అరువు తెచ్చేవాళ్ళం. ఆరు నెలల పాఠ్యపథకాలు ఒక్క రాత్రిలో పూర్తయ్యేవి. పద్యం కంఠతా వచ్చినవాడు మొదటి వరుసలో, అక్షరం ముక్క రానివాడు చివరి వరుసలో కూర్చునేవారు. అధికారి కొబ్బరి బొండాం తాగి, సంతృప్తికరం అని వ్రాసి, సంతకం చేసి వెళ్ళేవారు. ఆ పాపంలో నాకూ వాటా ఉన్నది.

ఒక్కసారి మాత్రం ఒక అధికారి చెప్పకుండా వచ్చారు. రేవులో పంటు దిగి, కాలువగట్టున నడిచి వచ్చి, తిన్నగా చివరి బల్ల మీద కూర్చున్నారు. మా పాఠ్యపథకాలు అడగనే లేదు. ఆ చివరి పిల్లవాడి నోటు పుస్తకం తెరిచారు. మా బండారం బయటపడింది. నా ఉద్యోగజీవితంలో తనిఖీ అనదగినది అదొక్కటే.

ఎలక్ట్రానిక్ కర్మాగారాల ప్రమాదకర వ్యర్థాల గురించి వ్రాయబూని బడికథ చెబుతున్నానేమని అనుకోవద్దు. అక్కడ జరుగుతున్నదీ, ఇక్కడ మేము జరిపినదీ ఒకే తంతు.

శ్రీసిటీలో 2015 నుంచి సెల్‌ఫోన్లు తయారవుతున్నాయి. తిరుపతి చుట్టుపక్కల ఎలక్ట్రానిక్ కర్మాగారాలు వెలిశాయి. మన పిల్లలకు ఉద్యోగాలు వస్తే సంతోషించేవారిలో నేను ముందుంటాను. అయితే పొగగొట్టం కనబడదు గనుక ఇవి కాలుష్యం లేని పరిశ్రమలనే బిరుదు మాత్రం నేను ఒప్పుకోను. విడిభాగాలు తెచ్చి ఫోను బిగించే చోట వ్యర్థం కొంత తక్కువ కావచ్చు. సర్క్యూట్ బోర్డు తయారుచేసే చోట అట్లా కాదు. రాగిరేకు మీద అక్కరలేని రాగిని తినివేసే రసాయనాలు, కరిగిన టంకం మీద తేలే తెట్టు, కడగడానికి వాడిన ద్రావకాలు, మురుగునీటి శుద్ధిలో మిగిలే లోహపు బురద, ఇవన్నీ ఎక్కడికో పోవలసినవే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి మొదటి షెడ్యూలులో ఎలక్ట్రానిక్ పరిశ్రమను పేరు పెట్టి చేర్చారు. కనుక ఇది ముసలి పంతులు బెంగ కాదు, చట్టం చెప్పిన మాట.

ఆ నియమావళి మంచిదే. వ్యర్థాన్ని సాధారణంగా 90 రోజులకు మించి ఆవరణలో నిలవ ఉంచరాదు. లారీ ఎక్కించినప్పుడు ఏడు ప్రతుల రవాణాపత్రం వ్రాయవలె. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 10వ సెక్షన్ లోపలికి ప్రవేశించే అధికారాన్నీ, 11వ సెక్షన్ నమూనా తీసే అధికారాన్నీ ఇచ్చాయి. అధికారం లేక కాదు, చివరి బల్ల దాకా నడిచేవారు లేక ఈ దురవస్థ.

చివరి బల్ల అంటే ఏమిటి? రిజిస్టరులో వ్రాసినది చదివి రావడం తనిఖీ కాదు. కొన్న రసాయనం ఎంత, పంపిన వ్యర్థం ఎంత అని రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టవలె. రాగి గాలిలో కలిసిపోదు. లెక్కలో తగ్గినది ఏ కాలువలోనో, ఏ పాతసామాను కొట్టులోనో తేలుతుంది. పీపాల మీద తేదీలు చూడవలె. వాననీటి కాలువ పొడవునా నడిచి చూడవలె. రాత్రి పని చేసే కూలీని ఒంటరిగా పలకరించవలె. ఇవేవీ ముందుగా కబురు పెట్టి చేసే పనులు కావు.

ఇప్పుడు ప్రపంచమంతా స్వీయ ధ్రువీకరణ అంటున్నది. పిల్లవాడే తన జవాబుపత్రం దిద్దుకుని మార్కులు వేసుకోవడమన్నమాట! దానికి తోడు 2023లో జన విశ్వాస్ చట్టం వచ్చింది. పర్యావరణ చట్టం 15వ సెక్షన్‌లోని అయిదేళ్ళ జైలుశిక్ష 2024 ఏప్రిల్ 1 నుంచి 10 వేల నుంచి 15 లక్షల రూపాయల జరిమానాగా మారింది. కోట్ల వ్యాపారానికి 15 లక్షలు శిక్షా, ఖర్చుపద్దా?

ఇన్‌స్పెక్టర్ల రాజ్యం వస్తే లంచాలు పెరుగుతాయని కొందరు మిత్రులు వాదిస్తారు. ఆ భయం నిజమే. కానీ లంచం పెరిగేది నివేదిక చీకట్లో ఉన్నప్పుడే. 2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి చిత్తూరు జిల్లాలోని అమరరాజా బ్యాటరీల కర్మాగారాలను మూసివేయమన్నది, సీసం కాలుష్యమన్నది. సంస్థ కాదన్నది. హైకోర్టు ఆ ఉత్తర్వులను తాత్కాలికంగా నిలిపివేసింది. ఎవరి పక్షం న్యాయమో తేల్చడానికి నేను న్యాయమూర్తిని కాను. కానీ జనం ఏం చేశారో చూశాను. ఏ పార్టీవారు ఆ పార్టీ మాటను నమ్మారు. అక్కడ పనిచేసేవారి రక్తంలో సీసం ఎంత అనేది పార్టీని బట్టి మారే అంకె కాదు గదా! ఏటేటా నివేదికలు ఊరిలో అతికించి ఉంటే ఆ రగడకు చోటే ఉండేది కాదు.

కోనసీమవాడికి ఈ గొడవ ఎందుకంటారా? 1995 జనవరి 8న పాశర్లపూడిలో లేచిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాసు గొట్టం పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. పొడి గ్యాసు పోవలసిన గొట్టంలో తడి గ్యాసు పోతున్నదనీ, గొట్టం తుప్పు పట్టినదనీ చితులు ఆరిన పిదప విన్నాం. చావు తరువాత చేసేది విచారణ. చావుకు ముందు చేసేదే తనిఖీ. ఆ తేడా మేము శవాల లెక్కతో నేర్చుకున్నాం.

నేను కోరేవి మూడే. తనిఖీ చెప్పకుండా జరగవలె. నివేదిక తెలుగులో, పంచాయతీ కార్యాలయం గోడ మీద ఉండవలె. వ్యర్థాల వివరాలు కర్మాగారం గేటు బయట బోర్డు మీద ప్రదర్శింపజేయాలని సుప్రీంకోర్టు 2003 అక్టోబరు 14న ఆదేశించింది. ఆ బోర్డు పల్లెవాడు చదవగల భాషలో ఉండవలె.

అంతదాకా మనం చేయగల పని ఒకటున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద మీకు దగ్గరలోని కర్మాగారపు తనిఖీ నివేదికను కాలుష్య మండలిని అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వవలె. వచ్చినది ఇక్కడ అందరికీ చూపండి. చదవడానికీ, తప్పులు దిద్దడానికీ ఈ పంతులు సిద్ధం. ఎర్రసిరా ఇంకా ఎండిపోలేదు.

స్వస్తి.