నాలుగేళ్ల కొలువు, నిద్రపట్టని రాత్రులు

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ దిగి గచ్చిబౌలి వైపు వెళ్లేవాళ్లలో ఐటీ ఉద్యోగులతో పాటు టవర్ల గేట్ల దగ్గర నిలబడే సెక్యూరిటీ గార్డులూ ఉంటారు. వాళ్లలో మాజీ సైనికులూ ఉన్నారు. 2026 చివరి నుంచి ఈ వరుసలోకి కొత్తవాళ్లు రాబోతున్నారు. 2022లో ప్రకటించిన అగ్నిపథ్ తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండుతున్నాయి. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ పొందినవాళ్లూ అందులో ఉన్నారు. నిబంధన ప్రకారం సైన్యంలో ఉంచుకునేది నూటికి 25 మందినే. మిగతావాళ్లు సుమారు 11.7 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి. పెన్షన్ లేదు, మాజీ సైనికుడనే హోదా లేదు, ఈసీహెచ్ఎస్ వైద్యం లేదు.

వాడల నుంచి, తండాల నుంచి ఈ కొలువుకు ఎందుకు పోతున్నారో మనకు తెలుసు. పరుగు పందెంలో కులం అడగరు. (కొన్ని రెజిమెంట్లు ఇప్పటికీ అడుగుతాయి, అది వేరే కథ.) 2025 మేలో సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలైన మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా బిడ్డ, అగ్నివీరుడు. ఆయన పేరు దేశమంతా తెలిసింది. అవే రోజుల్లో అవే గుళ్ల మోత విని బతికి బయటపడ్డవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు.

మనసుకు తగిలిన గాయం వెంటనే బయటపడాలని లేదు. తలుపు గట్టిగా పడితే ఉలిక్కిపడటం, నిద్రలో కేకలు, ఇంట్లోవాళ్ల మీద కారణం లేని కోపం. ఇవి నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత మొదలవుతాయి. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులు ఏళ్లపాటు పోరాడితేనే 1980లో అమెరికా మానసిక వైద్యులు పీటీఎస్‌డీని జబ్బుల జాబితాలో చేర్చారు. మన దగ్గర అగ్నివీరుడికి వైకల్య పరిహారం ఉంది: శాతాన్ని బట్టి 44, 25, 15 లక్షలు. అయితే ఆ వైకల్యం సర్వీసు వల్లే వచ్చిందని మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. గడువు తీరి ఇంటికొచ్చాక నిద్ర చెదిరినవాడు ఏ బోర్డు ముందు నిలబడాలి?

పూర్తికాలం సైనికులకే ఇది సులువు కాదు. స్కిజోఫ్రెనియా అని ఇంటికి పంపేసిన ఒక జవాను పెన్షన్ కోసం సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. కారణాలు రాయని మెడికల్ బోర్డు అభిప్రాయంతో పెన్షన్ ఆపడం కుదరదని 2025 మేలో కోర్టు తేల్చింది. ఆ జవానుకు కనీసం అడగడానికి పెన్షన్ అనేది ఒకటుంది.

అవసరానికి పిలిచి, తీరాక పంపేయడం మనకు కొత్త కాదు. 1943లో చమార్ రెజిమెంట్‌ను పెట్టారు, వాళ్లు కోహిమాలో పోరాడారు, 1946లో రద్దు చేశారు. అందుకే అగ్నిపథ్ మీద మన చర్చ ఉద్యోగ భద్రత దగ్గరే ఆగిపోవడం నాకు సరిగా అనిపించదు. సర్వీసు ముగిశాక బయటపడే మానసిక గాయానికి కూడా దరఖాస్తు చేసుకునే హక్కు, ఈసీహెచ్ఎస్ వైద్యం: ఈ రెండూ విద్యార్థి సంఘాల డిమాండ్ల పత్రాల్లోకి ఇప్పుడే రావాలి.

ఈలోగా టెలిమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎర్రగడ్డ ఆసుపత్రి ఉంది. కానీ ‘ఎర్రగడ్డ’ అనే మాటనే తిట్టుగా వాడే ఊరిది. నైట్ డ్యూటీ గార్డు అక్కడ ఓపీ చీటీ రాయించుకున్నాడని తెలిస్తే మర్నాడు ఏజెన్సీ అతన్ని గేటు దగ్గర ఉంచుతుందా?