బదిలీ లేని ఉద్యోగం

"చదువుకోకపోతే హోటల్లో కప్పులు కడుక్కోవాల్సిందే!" ఈ మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు మన బడిలో ఉంటారా? మార్కులు తగ్గితే ఇంట్లో అంటారు. సెలవులకు ఊరెళితే చుట్టాలు అంటారు. మన మంచి కోరే అంటారు. అయినా ఈ మాటను ఇకనైనా మానేయాలని మా అభిప్రాయం. ఎందుకంటే బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకు కొత్త ఊళ్లో మొదటి ముద్ద పెట్టేది చాలాసార్లు ఆ హోటలువాళ్లే.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. బదిలీ ఉత్తర్వు వస్తుంది. సామాను లారీ ఎక్కుతుంది. కొత్త ఊరు చేరేసరికి క్వార్టర్స్ ఖాళీ కాలేదంటారు, గ్యాస్ కనెక్షన్ మారడానికి వారం పడుతుందంటారు, గిన్నెలన్నీ గోనెసంచుల్లో ఉంటాయి. ఆ వారం మన కడుపు నింపేది ఆ వీధిలోని చిన్న హోటలే. రెడ్డియార్‌పాళయానికి కొత్తగా వచ్చిన కుటుంబానికైతే విల్లియనూర్ రోడ్డు పక్కన ఏదో ఒక మెస్సు. తమిళం రాకపోయినా ఫరవాలేదు. ఇడ్లీ, దోశ, సాంబారు అనే మాటలకు అనువాదం అక్కర్లేదు.

అసలు రెడ్డియార్‌పాళయం అన్న పేరులోనే మనకు ఒక చుట్టరికం ఉంది. తమిళనాట స్థిరపడిన తెలుగు రెడ్లను గౌరవంగా 'రెడ్డియార్' అంటారు. మనం 'గారు' చేర్చినట్టు వాళ్లు 'ఆర్' చేరుస్తారు. 'పాళయం' మన 'పాళెం'. అంటే మనకంటే చాలా ముందే తెలుగువాళ్లు ఈ వైపు వచ్చారన్నమాట. వచ్చినవాళ్లందరికీ దారిలో ఎవరో ఒకరు అన్నం పెట్టే ఉంటారు. వాళ్ల పేర్లు మాత్రం ఏ ఊరి పేరులోనూ కనిపించవు.

ఇంగ్లీషు పాఠంలో హోటల్ అంటే గదులు అద్దెకిచ్చే చోటు. మన తెలుగులో హోటల్ అంటే టిఫిను, భోజనం దొరికే చోటు. దీనికి అచ్చ తెలుగు మాట కూడా ఉంది: పూటకూళ్ల ఇల్లు. కూడు అంటే అన్నం. డబ్బు తీసుకుని పూటకింత అన్నం పెట్టే ఇల్లు కాబట్టి ఆ పేరు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకం 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అందులో విజయనగరంలో పూటకూళ్లమ్మ ఉంటుంది. సామాను కొనిపెడతానని చెప్పి గిరీశం ఆమె దగ్గర 20 రూపాయలు తీసుకుని తన సరదాలకు ఖర్చు చేసేస్తాడు. మనమందరం గిరీశం తెలివికి నవ్వుతాం. ఆ రోజుల్లో 20 రూపాయలంటే ఆమె ఎన్ని పూటలు పొయ్యి దగ్గర కూర్చుని కూడబెట్టిన డబ్బో మాత్రం లెక్క వేయం. అన్నం పెట్టేవాళ్ల కష్టం మన కళ్లకు ఆననిది ఈనాడే కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అంతకు ముందు రోజుల సంగతి తెలుసుకోవాలంటే ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' చూడాలి. ఆయన కూడా మనలాగే తమిళ దేశంలో ఉన్న తెలుగువారు. 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. దారి పొడవునా ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, ఏ ఊళ్లో ఏ వస్తువు దొరుకుతుంది అని రాసుకుంటూ పోయారు. ప్రయాణం చేసేవాడికి గుడులూ కోటలూ ఎంత ముఖ్యమో, ఈ పూట అన్నం దొరుకుతుందా లేదా అన్నదీ అంతే ముఖ్యం మరి.

ఇప్పుడు ఒక పల్లెటూరి హోటలాయన రోజు ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది ఏ ఒక్కరి కథో కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మండల కేంద్రం బస్టాండు దగ్గర ఆగితే ఎక్కడైనా కనిపించేదే. ముందురోజే పప్పు, బియ్యం నానబెట్టి రుబ్బుకోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలగాలి, ఎందుకంటే మొదటి బస్సు డ్రైవరూ పాలవ్యాన్ కుర్రాడూ అయిదింటికల్లా టీ అడుగుతారు. ఏడింటికి ఇడ్లీ, పూరీ. పదింటికి ఉల్లి తరగడం, పప్పు ఎసరు. మధ్యాహ్నం భోజనాలు. నాలుగింటికి బజ్జీలు. రాత్రికి మళ్లీ రేపటి పిండి. ఇంటావిడ వంట దగ్గర, ఆయన గల్లాపెట్టె దగ్గర. జీతం లేని పని ఎక్కువగా ఆవిడదే.

ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. బట్టల కొట్టులో ఈ రోజు అమ్ముడుపోని చొక్కా రేపు అమ్ముడుపోతుంది. రుబ్బిన పిండి రేపటికి పులిసిపోతుంది. వాన పట్టి సంతకు జనం రాకపోతే ఆ రోజు కష్టమంతా పశువుల తొట్టిలోకే. సరుకుల ధర ఆయన చేతిలో ఉండదు. 2023 జూలైలో టమాటా కిలో 100 రూపాయలు దాటింది. అయినా పల్లెలో భోజనం ధర వారానికోసారి మార్చలేరు. తినేది తెలిసినవాళ్లే కదా! మన ఇంట్లో సిలిండరు 14.2 కిలోలది, హోటలుకు 19 కిలోల వాణిజ్య సిలిండరు వాడాలి, దాని రేటు వేరు. ఇక గోడ మీద 'ఈ రోజు నగదు, రేపు అరువు' అని బోర్డు ఉన్నా, గల్లాపెట్టె కింద అరువు పుస్తకం ఉండనే ఉంటుంది. పంట డబ్బు చేతికొస్తే తీర్చే రైతులు, జీతం ఆలస్యమైన ఉద్యోగులు అందులో ఉంటారు.

కొందరు అడగవచ్చు: ఆయన డబ్బు తీసుకునే కదా పెడుతున్నాడు, అందులో గొప్పేముంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు డొక్కా సీతమ్మ గారిని తలుచుకోవాలి. కోనసీమలోని లంకల గన్నవరంలో, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు వేళ కాని వేళలో కూడా వండి పెట్టి, 1909లో ఆమె కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదున్న అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరు పెట్టింది. అది సబబైన గౌరవం.

సీతమ్మ గారిది దానం, హోటలాయనది వ్యాపారం. రెండూ ఒకటి కావు, నిజమే. కానీ ఆకలితో వచ్చినవాడికి ఇద్దరి దగ్గరా దొరికేది ఒక్కటే: తలుపు తెరిచి ఉండటం. ఇంకో మాట కూడా ఉంది. ఉచితంగా తిన్నవాడు చేయి జోడించాలి. డబ్బిచ్చి తిన్నవాడు తల ఎత్తుకుని లేచి వెళ్లవచ్చు. న్యాయమైన ధరకు వేడి అన్నం పెట్టి, తినేవాడి మర్యాద నిలబెట్టేవాడు కూడా సమాజానికి సేవ చేస్తున్నట్టే. జీతం తీసుకుంటున్నారని మన అమ్మానాన్నలు చేసే పనిని సేవ కాదంటామా?

ఈ సేవ ఇప్పుడు కష్టంలో ఉంది. వేసవి సెలవులకు పుదుచ్చేరి నుంచి సొంతూరు వెళ్లేటప్పుడు మనలో చాలామంది చెన్నై దాటాక 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కుతాం. యానాం వెళ్లేవాళ్లకు ఆ దారి ఇంకా బాగా తెలుసు. ఇక్కడి నుంచి సుమారు 800 కిలోమీటర్లు పోయినా అది పుదుచ్చేరిలోని భాగమే మరి! ఒకప్పుడు ఆ దారి ఊళ్ల మధ్య నుంచి పోయేది. ఇప్పుడు నెల్లూరు, కావలి, ఒంగోలు అన్నింటికీ బైపాస్‌లు ఉన్నాయి. ప్రయాణం తొందరగా సాగుతోంది, ఊళ్లో ప్రమాదాల భయం తగ్గింది. అది మంచిదే. కానీ పాత రోడ్డు మీది హోటళ్లకు బండ్లు రావడం మానేశాయి. బైపాస్ పక్కన పెద్ద ఫుడ్‌కోర్టు పెట్టాలంటే ఎకరాలు కావాలి, లక్షలు కావాలి. నాలుగు బల్లల హోటలు ఊరు వదిలి అక్కడికి పోలేదు. మన నాన్నగారి ఆఫీసు మారితే ప్రభుత్వం బదిలీ భత్యం ఇస్తుంది. ఆయన దగ్గరి నుంచి రోడ్డే బదిలీ అయిపోతే ఆయనకు ఏ భత్యమూ లేదు.

అలాగని చిన్న హోటళ్లన్నీ ఆదర్శమని మేము చెప్పడం లేదు. కొన్నిచోట్ల శుభ్రత ఉండదు. అలాంటి చోట తినక్కర్లేదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం చిన్న హోటలు కూడా రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. ఇంకా బాధాకరమైన సంగతి, ఎన్నో ఏళ్లు ఈ హోటళ్లలో కప్పులు కడిగింది మన వయసు పిల్లలే. 2006 అక్టోబరు 10 నుంచి హోటళ్లలో, టీకొట్లలో 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషేధించారు. 2016లో చట్టాన్ని ఇంకా గట్టిగా చేశారు. కాబట్టి ఎక్కడైనా చిన్నపిల్లవాడు బల్ల తుడుస్తూ కనిపిస్తే, జాలిపడి అయిదు రూపాయలు చేతిలో పెట్టి వచ్చేయకూడదు. పెద్దలకు చెప్పి 1098కి ఫోను చేయించాలి. హోటలు పనిని గౌరవించడం అంటే పిల్లలను ఆ పనిలో ఉంచడం కాదు. పెద్దలు చేస్తే అది గౌరవమైన పని, పిల్లలు చేయాల్సి వస్తే అది మనందరి తప్పు.

మరి మనం ఏం చేయగలం? పెద్ద పెద్ద మాటలు వద్దు. మేము అనుకున్నవి నాలుగే.

మొదటిది, ఆ 'కప్పులు కడుక్కోవాలి' అనే మాట మన నోట రాకూడదు. తమ్ముడినైనా, స్నేహితుడినైనా అలా అనకూడదు. తరగతిలో హోటలువాళ్ల పిల్లలు కూడా ఉండవచ్చు.

రెండోది, ఊరికి వెళ్లేటప్పుడు ఒక్క పూటైనా బైపాస్ దిగి ఊళ్లోకి వెళ్లి తిందామని నాన్నను అడుగుదాం. అరగంట ఆలస్యం అవుతుంది. కానీ ఆ ఊరి కారంపొడి రుచి, ఆ ఊరి మాట వినబడతాయి. ఇతర రాష్ట్రాల్లో పెరిగే మనకు తెలుగు వినడానికి అంతకంటే మంచి చోటు ఏముంది?

మూడోది, వడ్డించినవారిని చిటికె వేసి పిలవకుండా 'అన్నా', 'బాబాయ్', 'అమ్మా' అని పిలుద్దాం. పెట్టించుకున్నది వదిలేయకుండా తిందాం.

నాలుగోది కాస్త చదువుకున్న పిల్లలుగా చేయగలిగింది. మన ఇళ్లలో పెన్షన్ గురించి మాట్లాడుకుంటారు. హోటలాయనకు సెలవు లేదు, పెన్షన్ లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చిన్న వ్యాపారుల కోసం ఒక పెన్షన్ పథకం ప్రారంభించింది. 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరి నెలనెలా కొంత కడితే, 60 ఏళ్ల తర్వాత నెలకు 3,000 రూపాయలు వస్తాయి. చిన్న హోటళ్లవాళ్లు కూడా అందులో చేరవచ్చు. మనకు తెలిసిన హోటలాయనకు ఈ సంగతి చెప్పి, వివరాలు కనుక్కోవడంలో సాయం చేయవచ్చు కదా!

బదిలీ ఉద్యోగుల పిల్లలు ఊరు మారినా చదువు ఆగకూడదని 1963లో కేంద్రీయ విద్యాలయాలు మొదలుపెట్టారు. అందుకే మనం ఏ రాష్ట్రానికి వెళ్లినా అవే పుస్తకాలు దొరుకుతాయి. అలాగే ఏ ఊళ్లో దిగినా ఒక పొయ్యి వెలుగుతూ ఉండాలంటే, ఎవరో ఒకరు ఏళ్ల తరబడి అదే ఊళ్లో, అదే పొయ్యి ముందు కదలకుండా నిలబడాలి. అందరూ కదిలిపోయేవాళ్లే అయితే దారి నడవదు. మనది బదిలీల జీవితం. ఆయనది బదిలీ లేని ఉద్యోగం. ఆయన నిలబడబట్టే మనం కదలగలుగుతున్నాం. ఈసారి ఆయన కొట్లో తిని లేచేటప్పుడు డబ్బుతో పాటు "బాగుంది బాబాయ్" అన్న ఒక్క మాట కూడా ఇచ్చి వద్దాం.