సీజన్ కాని సముద్రం

పిల్లలూ, మీలో ఎంతమంది చలికాలంలో సముద్రం దగ్గరికి వెళ్ళారు?

"చలిలో ఎవరు వెళ్తారు టీచర్!" అంటారని నాకు తెలుసు. మా పక్కింటి అబ్బాయి కూడా అలాగే అన్నాడు. వాడు కువైట్‌లోనే పుట్టాడు. ఐదో తరగతి. ప్రతి శుక్రవారం మా ఇంటికి తెలుగు నేర్చుకోవడానికి వస్తాడు. మొన్న జనవరిలో వాళ్ళూ మేమూ కలిసి ఖీరాన్ వెళ్ళాం. కారు దిగి, అటూ ఇటూ చూసి, వాడన్న మొదటి మాట ఇది: "ఆంటీ, దీన్ని క్లోజ్ చేసేశారు!"

ఆ మాట గురించే ఈ వ్యాసం. సముద్రాన్ని ఎవరైనా మూసేస్తారా? దానికేమైనా తలుపులున్నాయా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక చోటు నిజంగా ఎలా ఉంటుందో తెలియాలంటే, అందరూ వెళ్ళే రోజుల్లో చూస్తే చాలదు. ఎవరూ వెళ్ళని రోజుల్లో కూడా చూడాలి. ఎందుకో చెబుతాను. మీకు నచ్చకపోతే నాతో వాదించండి.

ముందు ఖీరాన్ అంటే ఏమిటో చెప్పాలి. కువైట్ సిటీ నుంచి దక్షిణంగా, సౌదీ సరిహద్దు వైపు, సుమారు వంద కిలోమీటర్లు వెళ్తే వస్తుంది. అరబిక్‌లో 'ఖోర్' అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన పాయ. మన కోస్తాలో ఇలాంటి దాన్నే 'ఉప్పుటేరు' అంటాం. 'ఖోర్'కి బహువచనం 'ఖీరాన్'. అంటే ఆ ఊరి పేరే 'ఉప్పుటేళ్ళు' అన్నమాట! ఇప్పుడు అక్కడ ఎడారిని తవ్వి, కాలవల్లోకి సముద్రపు నీళ్ళు రప్పించి, సబా అల్ అహ్మద్ సీ సిటీ అనే పెద్ద ఊరు కట్టారు. ఒడ్డు పొడవునా విడిది ఇళ్ళు. వాటిని ఇక్కడ 'షాలే' అంటారు. ఎండాకాలం సెలవుల్లో అక్కడ కారు ఆపడానికి చోటు దొరకదు. పడవలు, జెట్ స్కీలు, రాత్రంతా దీపాలు.

మేం వెళ్ళిన రోజు అవేవీ లేవు. షాలేల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. పడవల మీద కవర్లు కప్పి ఉన్నాయి. గాలి మాత్రం వీస్తోంది, చెవులు నొప్పెట్టేంత. చలికాలం కాబట్టే ఒక చిన్న షాలే మాకు అందుబాటు అద్దెకి దొరికింది.

మరి జనమంతా ఏరీ? ఎడారికి వెళ్ళారు! కువైట్‌లో నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఎడారిలో గుడారాలు వేసుకునే కాలం. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. అంత ఎండలో ఎడారిలో ఎవరుంటారు? అందుకే వేసవిలో సముద్రం, చలికాలంలో ఎడారి.

ఇప్పుడు మా ఊరి సంగతి వినండి. మాది బాపట్ల. మాకు దగ్గర్లో సూర్యలంక అనే సముద్ర తీరం ఉంది. కార్తీక పౌర్ణమికి, అంటే ఎక్కువగా నవంబరులో, తెల్లవారుజామునే వేలమంది వచ్చి సముద్ర స్నానం చేస్తారు. చలికి పళ్ళు టకటకలాడుతున్నా మునుగుతారు. చూశారా? కువైట్‌లో జనం సముద్రాన్ని వదిలేసి వెళ్ళే రోజుల్లోనే, మా ఊళ్ళో జనం సముద్రానికి వస్తారు. కాబట్టి సీజన్ అనేది సముద్రానికి లేదు. మనుషులకే ఉంది. సముద్రం ఏడాదంతా తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

మనుషులకే కాదు, పక్షులకీ సీజన్ ఉంటుంది. మేం వెళ్ళిన రోజు ఖాళీ ఒడ్డు మీద తెల్లటి సముద్రపు పక్షులు బారులు తీరి కూర్చున్నాయి. ఉత్తరాన ఉన్న చలిదేశాల నుంచి అవి చలికాలంలోనే ఇటు వస్తాయి. కువైట్ సిటీ పక్కన సులైబిఖాత్ తీరంలోని బురద నేలల మీదికి రాజహంసలు, అంటే మీరు ఫ్లెమింగోలు అనేవి, ఈ రోజుల్లోనే వస్తాయి. మన సూళ్ళూరుపేట దగ్గర పులికాట్ సరస్సుకీ చలికాలంలోనే వస్తాయి. మనం "ఇక్కడ ఎవరూ లేరు" అనుకునేటప్పుడు కూడా అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. మనం గమనించం, అంతే.

ఆ రోజు మేం గమనించిన మనిషి ఒకాయన ఉన్నాడు. షాలేల కాపలాదారు. కువైట్‌లో కాపలా మనిషిని 'హారిస్' అంటారు. మా పిల్లలు తెలుగులో అరుచుకోవడం విని ఆయన తన గదిలోంచి బయటికొచ్చాడు.

"ఏమ్మా, తెలుగోళ్ళా?" అన్నాడు.

"అవునన్నా. మాది బాపట్ల. మీదే ఊరు?" అన్నాను.

"రాయచోటి పక్కన పల్లె" అన్నాడు. వద్దంటున్నా వినకుండా మా అందరికీ టీ పెట్టాడు. ఆయన గది ముందు ఏడెనిమిది పిల్లులున్నాయి. వేసవిలో వచ్చినవాళ్ళు వాటికి చికెన్ ముక్కలు వేసి, ముద్దు చేసి, సెలవులైపోగానే వెళ్ళిపోతారట. మిగతా నెలలన్నీ వాటికి ఆయనే అన్నం పెడతాడు.

"సీజన్లో మాకు నిద్రుండదమ్మా. ఇప్పుడు మాటుండదు" అన్నాడు.

పక్కింటి అబ్బాయి ఆయన్ని అడిగాడు, "అంకుల్, మీరు ఇండియాకి ఎప్పుడు వెళ్తారు?" అని. రెండేళ్ళకోసారి, నెలా నెలన్నర వెళ్తానని చెప్పాడు. కాసేపాగి ఇంకో మాట అన్నాడు: "నేను పొయ్యినన్నాళ్ళూ మా ఇంట్లో పండగే. పండగ కాని రోజు మా ఇల్లు ఎట్లుంటాదో నాకు తెలీదు."

'ఎట్లుంటాది' అంటే 'ఎలా ఉంటుంది' అని. రాయలసీమ మాట. ఆ వాక్యం మీ నోట్సులో రాసుకోండి. నేను రాసుకున్నాను.

ఇలాంటి జీవితం ఈ తీరానికి కొత్త కాదు. చమురు దొరక్కముందు కువైట్ మగవాళ్ళు వేసవిలో నెలల తరబడి ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాళ్ళు. చలికాలంలో పెద్ద తెరచాప ఓడల్లో సరుకులు వేసుకుని మన దేశానికి వచ్చేవాళ్ళు. ఆ ఓడలు కట్టడానికి టేకు చెక్క కూడా మన మలబారు తీరం నుంచే వెళ్ళేది. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది భారత రిజర్వ్ బ్యాంకు రూపాయలే. జపాన్ పెంపుడు ముత్యాలు మార్కెట్లోకి వచ్చాయి, ముత్యాల వ్యాపారం పడిపోయింది. 1938లో బుర్గాన్‌లో చమురు దొరికింది. అప్పుడు ఇక్కడి మగవాళ్ళు ఓడెక్కితే ఇంటి దగ్గర ఆడవాళ్ళూ పిల్లలూ ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు మనవాళ్ళు విమానం ఎక్కితే రాయచోటిలో ఎదురుచూస్తున్నారు. ఓడ మారింది, ఎదురుచూపు మారలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది మీ గురించి, నా గురించి.

మీరు అమ్మమ్మ వాళ్ళింటికి ఎప్పుడు వెళ్తారు? వేసవి సెలవుల్లోనో, క్రిస్మస్ సెలవుల్లోనో. మీరు వెళ్ళేసరికి ఇల్లంతా సిద్ధంగా ఉంటుంది. సున్నం వేయించి ఉంటుంది. కొత్త దుప్పట్లు, జంతికలు, సున్నుండలు. పెదనాన్నలు, పిన్నులు, బావలు అందరూ వస్తారు. మీరు చూసేది నిజమే, కానీ అది సీజన్. షాలేకి ఆగస్టులో వచ్చినవాళ్ళకి ఖీరాన్ ఎంత తెలుసో, మనకి మన ఊరు అంతే తెలుసు.

నేను కువైట్ వచ్చి ఇంకా రెండేళ్ళు కాలేదు. అక్కడ బీఈడీ చదివి పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ ఇల్లు చూసుకుంటూ మీకోసం పాఠాలు రాస్తున్నాను. పోయిన వేసవిలో పిల్లల్ని తీసుకుని ఇంటికి వెళ్తే, మా అమ్మ ఫ్రిజ్ నిండా మామిడిపండ్లు, పాలకోవా సర్ది పెట్టింది. మూడు వారాలూ ఆ ఫ్రిజ్ తలుపు తీస్తూనే ఉన్నాం. నవంబరులో ఒక మంగళవారం, పండగా లేదు, పుట్టినరోజూ లేదు, ఊరికే మధ్యాహ్నం ఫోన్ చేశాను. "ఏం కూరమ్మా?" అన్నాను. "నిన్నటి పచ్చడి ఉంది" అంది. "ఫ్రిజ్‌లో పెట్టావా?" అంటే, "ఫ్రిజ్ ఎప్పుడో ఆపేశానే. నా ఒక్కదానికీ ఎందుకు?" అంది.

మేం విమానం ఎక్కిన మర్నాడే ఆపేసిందట. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడుతున్నాను, నాకా సంగతి తెలీదు. ఆదివారం నాటికి అమ్మ మంచి చీర కట్టుకుని కూర్చుంటుంది. ఆదివారం కూడా సీజనే!

"టీచర్, బడి ఉంటే చలికాలంలో ఊరికి ఎలా వెళ్తాం?" అని మీరు అడగొచ్చు. సరైన ప్రశ్నే. బడి మానేయమని నేను చెప్పను. టికెట్ల ధరలు నాకూ తెలుసు. సీజన్ కాని రోజులు సరదాగా ఉంటాయనీ చెప్పను. ఖీరాన్‌లో ఆ రోజు మా పిల్లలకి మొదటి రెండు గంటలూ విసుగే. ఇసుక కళ్ళల్లో పడింది, నీళ్ళలో కాలు పెడితే జివ్వుమంది. జనంతో కళకళలాడే సముద్రం అందంగా ఉంటుంది, కాదనను. పండగ నాటి అమ్మమ్మ ఇల్లు కూడా అంతే. దాన్ని వదులుకోమని అనడం లేదు.

నేను చెప్పేది చిన్న పని. వెళ్ళలేకపోతే ఫోన్ చేయండి. ఆదివారం కాకుండా, ఏమీ లేని ఒక బుధవారం చేయండి. కువైట్‌లో సాయంత్రం నాలుగైతే అక్కడ ఆరున్నర. మీ దేశంలో ఎంత తేడానో లెక్క వేసుకోండి. "ఎలా ఉన్నావు?" అని అడగకండి. దానికి అందరూ "బాగున్నాను" అనే చెబుతారు. "ఈరోజు ఏం వండావు? ఎవరొచ్చారు? కరెంటు ఉందా? కిటికీలోంచి ఇప్పుడు ఏం కనిపిస్తోంది?" అని అడగండి. వాళ్ళు చెప్పేది చాలా మామూలుగా ఉంటుంది. ఆ మామూలు సంగతులు తెలిసినవాళ్ళే ఇంటి మనుషులు. పండగ సంగతులు మాత్రమే తెలిసినవాళ్ళు చుట్టాలు. మీరు మీ అమ్మమ్మకి, తాతయ్యకి చుట్టాలు కాకూడదని నా కోరిక.

ఇంకొక కారణం కూడా ఉంది. ఆ మామూలు మాటలు అడగాలంటే మీకు తెలుగు కావాలి. "హ్యాపీ సంక్రాంతి" అనడానికి తెలుగు అక్కర్లేదు. "ఫ్రిజ్ ఎందుకు ఆపేశావు?" అనడానికి కావాలి.

తిరిగి వచ్చేటప్పుడు కారులో పిల్లలకి మా అమ్మ ఫ్రిజ్ కథ చెప్పాను. పక్కింటి అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళమ్మ ఫోన్ అడిగి తీసుకుని, వాళ్ళ అమ్మమ్మకి చేశాడు.

"అమ్మమ్మా, మీ ఫ్రిజ్ ఆన్‌లో ఉందా?"

అటువైపు నుంచి పెద్ద నవ్వు. "ఫ్రిజ్ గోల నీకెందుకురా?" అన్నారావిడ. ఆ తర్వాత కువైట్ సిటీ దీపాలు కనిపించేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఆలోచించి రాయండి:
1. మీ ఊళ్ళో లేదా దగ్గర్లో, సీజన్ అయిపోగానే ఖాళీ అయ్యే చోటు ఏది? అప్పుడు అక్కడ ఎవరుంటారు?
2. "పండగ కాని రోజు మా ఇల్లు ఎట్లుంటాదో నాకు తెలీదు." ఈ మాటని మీ సొంత మాటల్లో వివరించండి.
3. ఈ వారం ఒక మామూలు రోజున మీ అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేయండి. మీకు అంతకుముందు తెలియని ఒక్క సంగతి అడిగి తెలుసుకుని, ఐదు వాక్యాల్లో రాయండి. నా అభిప్రాయం తప్పని మీకు అనిపిస్తే, అదీ రాయండి.