కమాన్లు పోయాయి, గంప దించే చోటైనా మిగలాలి

సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని 2025 ఫిబ్రవరిలో కూల్చేశారు. మా మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకి పట్నమంటే ముందు అదే. చిన్నప్పుడు మీటర్ గేజి రైలు దిగి, అమ్మ కొంగు పట్టుకుని ఆ కమాన్ల కిందనుంచే మోండా మార్కెట్‌కి నడిచేదాన్ని. శామీర్‌పేట మేనత్త బస్సులో వచ్చి ఆ మెట్ల దగ్గరే మాకోసం కాచుక్కూర్చునేది.

1874లో నిజాం కాలంలో మొదలైన స్టేషన్ అది. సుమారు 700 కోట్ల ఖర్చుతో తలపెట్టిన పునర్నిర్మాణానికి 2023 ఏప్రిల్ 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. మేడ్చల్‌కి ఎంఎంటీఎస్ రైళ్లు మొదలైందీ ఆ రోజే. రద్దీ పెరిగింది, పాత స్టేషన్ చాలదు. కాదనను.

కానీ కొత్తది కట్టాలంటే పాతది పూర్తిగా పోవాల్సిందేనా? ముంబయిలో ఛత్రపతి శివాజీ టెర్మినస్‌ని 2004లో యునెస్కో వారసత్వ కట్టడంగా గుర్తించింది. అది నిలిచే ఉంది, రైళ్లూ నడుస్తున్నాయి. మనకి ముందుభాగమైనా మిగిలితే బాగుండేది.

పోయింది ఎలాగూ రాదు. ఇక మనం అడగాల్సింది వేరే ఉంది. ఆడవాళ్లకి వేచివుండే గది, శుభ్రమైన మరుగుదొడ్డి, కూరగాయలమ్మే అక్క గంప దించుకునే చోటు ఆ కొత్త భవనంలో ఉంటాయా? అద్దాల మేడ పూర్తయ్యాక అడిగితే ఏం లాభం? ఇప్పుడే అడుగుదాం.