క్యాన్సర్ కాని కంతికి కత్తి ఎప్పుడు?

పిత్తాశయంలో రాళ్ల అనుమానంతో అల్ట్రాసౌండ్ పరీక్షకు వెళ్లినవారికి ఒక్కొక్కసారి అడగని కబురు అందుతుంది: మూత్రపిండంలో చిన్న కంతి ఉన్నది. పేరు ఆంజియోమయోలైపోమా. నోరు తిరగని పేరే గాని అర్థం తేలిక. రక్తనాళాలు, కండరం, కొవ్వు కలగలిసి పెరిగిన ముద్ద అది. పురుషులకన్న స్త్రీలలో ఎక్కువ. అందులోని కొవ్వును బట్టి సి.టి. స్కాన్‌లో చాలావరకు ఇట్టే పోల్చుకుంటారు. కొవ్వు మరీ తక్కువైతేనే చిక్కు. క్యాన్సరో కాదో తేల్చడానికి ఎం.ఆర్.ఐ., అరుదుగా ముక్క తీసి పరీక్షించడం అవసరమవుతాయి.

ఇటువంటి కంతులను మేము అనువాదాలలో 'నిరపాయకరం' అని రాస్తూ ఉంటాము. ఆ మాట కొంత తొందరపాటుదే. సాధారణంగా ఈ కంతి ఇతర అవయవాలకు పాకదు. అంతవరకే అది నిజం. కాని ఇందులోని రక్తనాళాల గోడలు బలహీనమైనవి. అవి ఉబ్బి చిట్లితే లోలోపలే రక్తస్రావమై ప్రాణం మీదికి రావచ్చు. హఠాత్తుగా నడుము పక్కన తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, మూత్రంలో రక్తం కనబడితే తెల్లవారేదాకా ఆగరాదు.

4 సెంటీమీటర్లు దాటితే చికిత్స చేయాలన్న లెక్క 1980లలో స్థిరపడింది. ఆ గీతనే పట్టుకొని వేలాడడం నేడు తగ్గింది. అంతకు మించిన కంతులు కూడా ఏళ్ల తరబడి ఏ బాధా పెట్టకుండా ఉండిపోవడం వైద్యులు చూశారు. అందుచేత కంతి కొలతతోపాటు లోపలి రక్తనాళపు ఉబ్బు 5 మిల్లీమీటర్లకు చేరినదా, కంతి వేగంగా పెరుగుతున్నదా, నొప్పి ఉన్నదా అని చూస్తారు. బిడ్డను కనదలచిన స్త్రీ విషయంలో మరింత జాగ్రత్త వహిస్తారు. పెద్దాసుపత్రి వీధి చివర ఉన్నవారికీ, రాత్రంతా ప్రయాణం చేస్తే గాని చేరలేనివారికీ ఒకే సెంటీమీటరు ఒకే అర్థం ఇవ్వదు. ఈ సంగతి రోగి తానై చెప్పాలి. ఏ స్కానూ చెప్పదు.

చికిత్స అనగానే మూత్రపిండాన్ని తీసివేయడం కాదు. గజ్జలోని ధమని గుండా సన్నని గొట్టం పంపి, కంతికి రక్తమందించే నాళాన్ని మూసివేయవచ్చు. కంతిని మాత్రమే కోసి తీయవచ్చు. ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే జన్యువ్యాధి ఉన్నవారికి తరచు రెండు మూత్రపిండాలలోనూ అనేక కంతులు ఉంటాయి. వారికోసం 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఎవరోలిమస్ మాత్ర వాటిని కుదించగలదు; మానితే మళ్లీ పెరగవచ్చు.

చిన్న కంతికి వైద్యుడు చెప్పిన గడువున మళ్లీ స్కాన్ తీయించుకుంటే చాలు. వెళ్లేటప్పుడు పాత ఫిల్ములు వెంట తీసుకువెళ్లండి. పెరిగినదీ లేనిదీ వాటితో పోల్చితేనే తెలుస్తుంది.