అన్నీ నార్మలే!

"అన్నీ నార్మలే. మీకేమీ లేదు. టెన్షన్ తగ్గించుకోండి."

గత నాలుగేళ్ళలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన మాట ఇదే. రక్తపరీక్ష, మలపరీక్ష, థైరాయిడ్, స్కానింగు అయ్యాయి. చివరికి కొలనోస్కోపీ కూడా అయింది. దానికోసం ముందురోజు మందు కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగి, తెల్లవార్లూ జాగారం చేసి, మత్తు దిగాక విన్నదీ ఆ మాటే. ఇంటిల్లిపాదీ సంతోషించారు. నేనూ సంతోషించాను. రెండురోజులు తిరిగేసరికి కడుపులో మెలిపెట్టే ఆ నొప్పి యథాప్రకారం వచ్చి కూర్చుంది.

"ఏమీ కనబడలేదు" అనడానికీ, "ఏమీ లేదు" అనడానికీ చాలా దూరం ఉందని నా అభిప్రాయం. కొలనోస్కోపీ పేగు లోపలి గోడను చూపిస్తుంది. పుండో, కణితో ఉంటే పట్టిస్తుంది. కానీ ఆ పేగు ఎంత వేగంగా కదులుతోందో, కాస్త గాలి చేరినంత మాత్రానే ఎంత విలవిలలాడుతోందో చూపించదు. తీగ తెగలేదు కనుక వీణ శ్రుతిలోనే ఉందని ఎవరైనా అంటారా?

పేగుల గోడల్లో కోట్లాది నాడీకణాలతో ఒక సొంత నాడీమండలం ఉంది. దానికీ మెదడుకూ నిత్యం రాకపోకలు జరుగుతుంటాయి. ఆ రాకపోకలు గతి తప్పితే వచ్చే బాధకు ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, క్లుప్తంగా ఐబీఎస్, అని పేరు. దీన్ని ప్రధానంగా లక్షణాలను బట్టే గుర్తిస్తారు. 2016లో వెలువడిన రోమ్-4 ప్రమాణాలు కడుపునొప్పి ఎంత తరచుగా వస్తోంది, మలవిసర్జనతో దానికి సంబంధం ఉందా, విరేచనాల సంఖ్యా రూపమూ మారాయా అనే అడుగుతాయి. పరీక్షలన్నీ ఇతర జబ్బులు లేవని తేల్చుకోవడానికి. ఇంతమాత్రం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నాకు ఆ రెండు నిమిషాలు దక్కింది నాలుగో డాక్టరు దగ్గర.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు - వీటిలో ఏది ఉన్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదని కూడా ఆయనే చెప్పారు.

ఇక పథ్యం సంగతి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ఫాడ్‌మ్యాప్ అనే భావనను ప్రతిపాదించారు. సరిగా జీర్ణంకాక పేగులో పులిసే కొన్నిరకాల పిండిపదార్థాలను కొన్ని వారాలు మానేసి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తిని చూడాలి. ఆ జాబితాలో ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పుధాన్యాలు, పాలు ఉన్నాయి. అది చదివి, మన వంటింట్లో ఇక మిగిలిందేమిటని నవ్వుకున్నాను. పోషకాహార నిపుణురాలి సలహాతో ఓపికపట్టి చూస్తే నాకు గిట్టనివి ఉల్లి, వెల్లుల్లి మాత్రమేనని తేలింది. కందిపప్పు కొద్దిగా తింటే ఇబ్బంది లేదు. ఉల్లి లేని చారుకు ఇంగువ కొంత ఊరట. నొప్పి పూర్తిగా పోలేదు. అయితే అది ఎప్పుడు వస్తుందో ఇప్పుడు కొంత తెలుసు.

మందుకు లొంగనిది సిగ్గు. బస్సెక్కేముందు దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో విచారించుకోవడం, పెళ్ళిభోజనంలో కొసరి వడ్డించేవారికి కారణం చెప్పలేకపోవడం అనుభవిస్తేగానీ తెలియవు. 1909లో ఒఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు రైల్వేకు రాసినదిగా ప్రసిద్ధమైన ఉత్తరం ఒకటుంది. పనసపండు తిని కడుపుబ్బరంతో స్టేషన్లో దిగితే రైలు తనను వదిలి వెళ్ళిపోయిందని ఆయన ఫిర్యాదు. ఆ ఇంగ్లీషును చూసి వందేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాం. చెంబు పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తిన మనిషి అవస్థ ఎందరికి తట్టింది? నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్ణే.

షుగరనీ, బీపీ అనీ నలుగురిలో చెప్పుకుంటాం. పేగు సంగతి మాత్రం డాక్టరు గదిలో కూడా గొంతు తగ్గించి చెబుతాం.

రిపోర్టులన్నీ నార్మలని తెలిసిన రోజు మా అమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకు దిష్టి తీసింది. నాకు దిష్టి మీద నమ్మకం లేదు. కానీ ఆ రోజు నా నొప్పి మీద నమ్మకం ఉన్నది ఆవిడ ఒక్కతికే. వైద్యం అక్కడినుంచే మొదలవ్వాలని నాకనిపిస్తుంది.